నీళ్ల లెక్క చెప్పి తిట్లు తిన్న మేజర్

గోదావరి జిల్లాల వాళ్లకి కాటన్ దొర గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి నీళ్లిచ్చిన మనిషి కాబట్టి ఇప్పటికీ దండలేస్తాం. ఇంచుమించు అదే కాలంలో అమెరికాలో జాన్ వెస్లీ పావెల్ అని ఒకాయన ఉండేవారు. ఉన్న నీళ్లు ఇంతే, ఇంతమందికి చాలవు అని లెక్క చెప్పినందుకు ఆయనకి దక్కింది తిట్లు.

తల్లిదండ్రులు ఇంగ్లండ్ నుంచి వలస వచ్చినవాళ్లు. పావెల్ 1834లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. మూడు కాలేజీలు తిరిగినా డిగ్రీ చేతికి రాలేదు. (డిప్లొమాతో నెట్టుకొస్తున్న మాబోటి వాళ్లకి ఈ ముక్క కాస్త ఊరట.) 1862లో అంతర్యుద్ధంలో షైలో దగ్గర తూటా తగిలి కుడి చెయ్యి తీసేయాల్సి వచ్చింది. అయినా మళ్లీ యుద్ధానికే వెళ్లి మేజర్ అయ్యారు.

1869 మే 24న మరో తొమ్మిదిమందితో, నాలుగు పడవల్లో వయోమింగ్‌లోని గ్రీన్ రివర్ దగ్గర బయల్దేరారు. కొలరాడో నది గ్రాండ్ కేనియన్ లోయలో ఎలా పోతుందో అప్పటి మ్యాపుల్లో ఖాళీగానే ఉండేది. ఒక పడవ రాళ్లకి కొట్టుకుని ముక్కలైంది. తిండి సామాన్లు పోయాయి, మిగిలిన పిండికి బూజు పట్టింది. ఆగస్టు 28న ముగ్గురు ఇక మా వల్ల కాదని కొండెక్కి వెళ్లిపోయి, దారిలో హత్యకు గురయ్యారు. పడవల్లోనే ఉన్నవాళ్లు రెండ్రోజుల్లో ప్రాణాలతో బయటపడ్డారు. ఈ మొత్తం దారిలో పావెల్ ఒంటి చేత్తో ఆ రాతి గోడలు ఎక్కి ఎత్తులు కొలిచారు.

అందరికీ తెలిసిన సాహసం ఇదే. మాకు మాత్రం ఆ తర్వాతి కథే పెద్దదనిపిస్తుంది.

ఆ రోజుల్లో పడమటి భూములు అమ్ముకునేవాళ్లు ఒక నమ్మకం ప్రచారం చేశారు. నాగలి ఎక్కడికి వెళ్తే వాన అక్కడికి వస్తుందట! కొన్నేళ్లు వానలు బాగా పడేసరికి జనం నమ్మేశారు. పావెల్ నమ్మలేదు. మేఘాలు పసిఫిక్ సముద్రం నుంచి వస్తాయి, కొండల మీద మంచుగా కురిసి ఖాళీ అయిపోతాయి. అవతలి వైపు నేలకి మిగిలేది కొంచెమే. మహాబలేశ్వరంలో కుండపోత, మన అనంతపురంలో కరువు ఉన్నట్టే అన్నమాట. పొలం దున్నితే ఈ చక్రం మారదు.

1878లో ఆయన ప్రభుత్వానికి రిపోర్టు ఇచ్చారు. ఏడాదికి 20 అంగుళాల కన్నా తక్కువ వాన పడేచోట కాలవ నీళ్లు లేకుండా వ్యవసాయం నమ్మకం లేదన్నారు. ప్రభుత్వం ఇస్తున్న 160 ఎకరాల కొలత ఇక్కడ పనికిరాదు, తడి భూమి 80 ఎకరాలు చాలు, పశువులు మేపుకునేవాళ్లకి 2,560 కావాలన్నారు. పాలన హద్దులు కూడా నీటి పరివాహకాన్ని బట్టి గీయాలన్నది ఆయన ఆలోచన. మేం సైటులో డ్రైనేజీ లైను వేసేటప్పుడు ప్లాటు హద్దు చూడం, వాలు చూస్తాం. ఈయన దేశానికే ఆ మాట చెప్పారు. ఎవరూ వినలేదు.

1881 నుంచి జియలాజికల్ సర్వే డైరెక్టర్‌గా ఉన్నారు. 1888లో సాగునీటి సర్వే మొదలైంది, రెండేళ్లకే కాంగ్రెస్ డబ్బులు ఆపేసింది. 1893లో లాస్ ఏంజెలెస్ సాగునీటి మహాసభలో, ఉన్న నీళ్లతో ఈ భూమంతా తడవదు, మీ పిల్లలకి మిగిలేవి తగాదాలే అని చెబితే సభంతా గోల చేసింది. మరుసటేడే డైరెక్టర్ పదవి వదిలేశారు. 1902 సెప్టెంబర్ 23న మెయిన్ రాష్ట్రంలో కన్నుమూశారు.

తగాదాలు వచ్చాయి. 1922లో ఏడు రాష్ట్రాలు ఎగువకి 75 లక్షల ఎకరా అడుగులు, దిగువకి అంతే అని కొలరాడోని పంచుకున్నాయి. మన లెక్కలో రెండూ కలిపి సుమారు 653 టీఎంసీలు. కృష్ణాలో బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి ఇచ్చిన 811 కన్నా తక్కువ! అదీ వానలు ఎక్కువ పడిన ఏళ్ల లెక్క చూసి రాసుకున్నది. తర్వాత మెక్సికో వాటా కూడా తోడైంది. ఇప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి వేడి ఎక్కువైంది, కొండ మంచులో కొంత నదికి చేరకముందే నేలా, గాలీ తాగేస్తున్నాయి. 2021లో మొదటిసారి అధికారికంగా నీటి కొరత ప్రకటించి దిగువ రాష్ట్రాలకి కోత పెట్టారు.

1963లో అదే నది మీద గ్లెన్ కేనియన్ డ్యామ్ గేట్లు మూసి నింపిన జలాశయానికి లేక్ పావెల్ అని పేరు. 2023 మొదట్లో అందులో నాలుగో వంతు నీళ్లు కూడా లేవు.