ఆకాశానికి వాకిలి తెరచిన ఫ్లమారియన్

ఖగోళశాస్త్రాన్ని పండితుల గదులనుండి సామాన్యుల ముంగిటికి తెచ్చిన మహనీయులలో కమీల్ ఫ్లమారియన్ అగ్రగణ్యుడు. ఆయన 1842 ఫిబ్రవరి 26వ తేదీన ఫ్రాన్సు దేశపు తూర్పు భాగాన మోంతిన్యీ అనే చిన్న ఊరిలో, సామాన్య కుటుంబంలో జన్మించినాడు. 1847 అక్టోబరులో సూర్యగ్రహణం పట్టిననాడు తల్లి నీళ్లు నింపిన తొట్టిలో సూర్యబింబపు నీడను ఆ ఐదేండ్ల బాలునికి చూపినది. ఆనాడు మొలకెత్తిన కుతూహలం జీవితాంతం వాడలేదు.

కాలం కలసిరాక కుటుంబం అప్పులపాలై పారిస్ నగరం చేరినది. బాలుడు చెక్కడపు పని చేసే ఒక శిల్పివద్ద కుదిరినాడు. పగలు పని, రాత్రి చదువు. ఆ చదువులోనే విశ్వోత్పత్తిని గురించి అయిదువందల పుటల గ్రంథం వ్రాసినాడు. శ్రమాధిక్యంవల్ల జబ్బుపడగా, చూడవచ్చిన వైద్యుని కంట ఆ వ్రాతప్రతి పడినది. ఆయన చొరవవల్లనే 1858లో, పదహారవ ఏట, ఫ్లమారియన్‌కు పారిస్ వేధశాలలో కొలువు దొరికినది.

వేధశాల అధిపతి లెవెర్రియే సామాన్యుడు కాడు. దూరదర్శినికి చిక్కకముందే నెప్ట్యూన్ గ్రహపు స్థానాన్ని గణితంతో నిర్ణయించిన మేధావి. తారలను చూడవలెనని వచ్చిన యువకునికి అక్కడ లభించినవి లెక్కల కాగితాలే. 1862లో ఇతర లోకాలలోను ప్రాణులున్నవని వాదిస్తూ ఫ్లమారియన్ ఒక పుస్తకం ప్రకటించగా, లెవెర్రియే ఆయనను కొలువునుండి తొలగించినాడు. పండితులు మూసిన తలుపును ప్రజలు తెరచినారు. ఆ పుస్తకం ముద్రణ వెంట ముద్రణ పొందినది.

ఆయన కీర్తికి మూలస్తంభం 1880లో వెలువడిన ప్రజా ఖగోళశాస్త్ర గ్రంథం. అది లక్షకు పైగా ప్రతులు అమ్ముడుపోయినది. ఫ్రెంచి అకాడమీ బహుమానం పొందినది. ఆ గ్రంథపు అమరిక ఉపాధ్యాయులు గమనింపదగినది. కాలి క్రింది భూమితో ఆరంభించి, చంద్రుని, సూర్యుని, గ్రహాలను, తోకచుక్కలను దాటి, చివరకు నక్షత్రాలను చేరుతుంది. తెలిసినదానినుండి తెలియనిదానికి నడపడమే ఆయన బోధనా రహస్యం.

ఆ రచనలకు ముగ్ధుడైన బోర్డో వాసి ఒకడు, పారిస్ సమీపాన జువిసీలోని తన భవనాన్ని ఆయనకు కానుకగా ఇచ్చినాడు. 1883లో అక్కడ వేధశాల వెలసినది. 1887లో ఫ్లమారియన్ ఫ్రెంచి ఖగోళ సంఘాన్ని స్థాపించి, వృత్తి శాస్త్రజ్ఞులను, అభిరుచి గలవారిని ఒకే పీటపై కూర్చుండబెట్టినాడు. 1902లో పారిస్‌లోని పాంథియన్ భవనంలో ఫూకో లోలకాన్ని మరల వ్రేలాడదీయించి, భూభ్రమణాన్ని జనానికి కనులారా చూపినాడు.

అయితే ఆయన ఊహ ఒక్కొక్కప్పుడు సాక్ష్యాన్ని మించి పరుగెత్తినది. అంగారకునిపై కొందరు చూచితిమన్న కాలువలు బుద్ధిజీవుల నిర్మాణాలు కావచ్చునని ఆయన భావించినాడు. జువిసీలో ఆయనవద్ద పనిచేసిన ఆంతోనియాదీయే 1909లో మ్యూదాన్‌లోని పెద్ద దూరదర్శినితో పరిశీలించి, ఆ సరళరేఖలు దృష్టిభ్రమలని తేల్చినాడు. విచారిస్తే ఇందులో గురువుకు పరాభవం లేదు. చూడుమని నేర్పినవాని ఇంట పెరిగిన చూపే ఆయన పొరపాటును సరిదిద్దినది. ఉత్సాహం దారి చూపవచ్చును. గమ్యాన్ని నిర్ణయింపవలసినది పరిశీలనయే.

1925 జూన్ 3వ తేదీన ఫ్లమారియన్ జువిసీలో కన్నుమూసినాడు. ఆ వేధశాల తోటలోనే ఆయన సమాధి ఉన్నది. ఆయన కనుగొన్న సత్యాలకంటె, ఆయన పుస్తకాలు చదివి తలయెత్తి ఆకాశాన్ని చూచినవారి సంఖ్యయే పెద్దది. తరగతిగదిలో ఒక్క విద్యార్థిచేతనైనా అట్లు తల యెత్తించగల ఉపాధ్యాయుడు ఆయన వారసుడే.