మామ వరుసను నిలబెట్టుకున్న తిక్కన సోమయాజి

నెల్లూరు: వానలు ముఖం చాటేసిన ఏడు గుడిలో విరాటపర్వం చదివించడం మన పల్లెల్లో పెద్దల నాటి ఆనవాయితీ. ఆ పర్వాన్ని తెలుగు చేసిన తిక్కన మహాకవి అని అందరికీ తెలుసు. నెల్లూరు రాజుకు మంత్రి అని కూడా చాలామందికి తెలుసు. అయితే ఆ రాజు తిక్కనను నోరారా మామా అని పిలిచేవాడని, నెత్తురు పంచుకోని ఆ చుట్టరికం కోసం తిక్కన ఎంత శ్రమపడ్డాడో తెలిసినవారు తక్కువ.

తిక్కన 13వ శతాబ్దం వాడు. 1205లో పుట్టి 1288 దాకా జీవించాడని సాహిత్య చరిత్రకారులు అంచనా కట్టారు. తండ్రి కొమ్మన, తల్లి అన్నమ. ఇంటిపేరు కొట్టరువు. తాత మంత్రి భాస్కరుడు గుంటూరును ఏలిన అధికారి, పైగా కవి. ఆయనకు కేతన, మల్లన, సిద్ధన, కొమ్మన అని నలుగురు కొడుకులు. వీరంతా కలం, కత్తి రెండూ పట్టిన నియోగి కుటుంబీకులు.

ఆ రోజుల్లో విక్రమసింహపురి అని పేరున్న నెల్లూరును తెలుగు చోడులు ఏలేవారు. తిక్కన పెదతండ్రి సిద్ధన ఆ వంశంలోని తిక్కరాజు కొలువులో మంత్రి. తిక్కరాజు కొడుకు మనుమసిద్ధికి తిక్కన మంత్రి అయ్యాడు. అంటే రాజుల ఇంటా, మంత్రుల ఇంటా తండ్రుల తరంలో మొదలైన పొత్తు కొడుకుల తరంలో మరింత చిక్కబడింది. కులం వేరు, హోదా వేరు. అయినా రాజు మంత్రిని మామా అని పిలిచాడు.

పిల్లనడిగిన రాజు

మామ వరుస అంటే పిల్లనిచ్చే వరుస. పల్లెటూరి వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మనుమసిద్ధి ఆ వరుస పట్టుకునే తిక్కనను ఒక కోరిక కోరాడు. నేను నిన్ను మామ అంటున్నందుకు తగినట్టుగా నీ కవితాకన్యను నాకిమ్మన్నది ఆ కోరిక సారాంశం. అంటే కావ్యం రాసి అంకితమివ్వమని. తిక్కన కాదనలేదు. రాముడి పట్టాభిషేకం తర్వాతి కథను ఒక్క వచనమైనా లేకుండా అన్నీ పద్యాలతోనే నడిపి, నిర్వచనోత్తర రామాయణమని పేరు పెట్టి, మనుమసిద్ధిని కృతిపతిని చేశాడు. ఈ పిల్లనడిగిన ముచ్చటను ఆ కావ్యం మొదట్లో తిక్కనే చెప్పుకున్నాడు.

ఓరుగల్లు ప్రయాణం

చుట్టరికం విలువ కష్టంలో తెలుస్తుందంటారు. మనుమసిద్ధికి ఆ కష్టం దాయాదుల రూపంలో వచ్చింది. అక్కన, బయ్యన అనేవారు ఎదురుతిరిగి నెల్లూరును ఆక్రమించారు. రాజు గద్దె పోగొట్టుకున్నాడు. ఓడిన రాజును వదిలి గెలిచినవాడి కొలువులో చేరిన మంత్రులు చరిత్రలో కొల్లలు. తిక్కనంతటి పండితుడికి ఎక్కడైనా పీట దొరికేది.

తిక్కన ఆ పని చేయలేదు. రెండువందల మైళ్ళకు పైగా దూరం ప్రయాణించి, కృష్ణ దాటి, ఓరుగల్లు చేరాడు. అప్పుడు అక్కడ ఏలుతున్నవాడు కాకతి గణపతిదేవ చక్రవర్తి. సిద్ధేశ్వర చరిత్ర అనే పాత గ్రంథం ఈ ఘట్టాన్ని చెబుతుంది. ఆ కథ ప్రకారం తిక్కన ఆ సభలో భారతకథ వినిపించాడు. పండితులతో వాదించి నెగ్గాడు. చక్రవర్తి మెచ్చి ఎన్నో విధాల సత్కరించాడు. తిక్కన మాత్రం తాను వచ్చిన పని మరువలేదు. మనుమసిద్ధి రాజ్యం మనుమసిద్ధికి ఇప్పించమని అడిగాడు. గణపతిదేవుడు సైన్యంతో కదిలాడు. దాయాదులు ఓడారు. మనుమసిద్ధి తిరిగి నెల్లూరు గద్దె ఎక్కాడు.

ఇంటివాడిని పోగొట్టుకుని

ఈ పొత్తుకు కొట్టరువు వారు నెత్తుటి వెల కూడా చెల్లించారు. సిద్ధన కొడుకు ఖడ్గ తిక్కన మనుమసిద్ధికి సేనాని. పేరు ఒకటే కావడంతో ఒకరిని కవి తిక్కన, ఇంకొకరిని ఖడ్గ తిక్కన అనేవారు. కరువు రోజుల్లో కాటమరాజు ఆలమందలు నెల్లూరు సీమ బీళ్ళకు మేతకు వచ్చాయి. పుల్లరి దగ్గర తగవు వచ్చి యుద్ధమైంది. ఆ పోరులో ఖడ్గ తిక్కన నేలకొరిగాడు. మొదటిసారి వెనుదిరిగి ఇంటికి వస్తే ఆడవాళ్ళు స్నానానికి పసుపుముద్ద పెట్టి, మంచం అడ్డుపెట్టి ఎత్తిపొడిచారని, దాంతో మళ్ళీ కదనానికి వెళ్ళి ప్రాణం విడిచాడని జనం చెప్పుకుంటారు. గొల్లసుద్దుల వారు కాటమరాజు కథలో పాడే నల్లసిద్ధిరాజు ఈ మనుమసిద్ధేనని పండితుల అభిప్రాయం.

తమ్ముడి వరుసవాడో, అన్న వరుసవాడో, ఒకే ఇంటిపేరున్న మనిషి పోయాడు. అయినా ఆ కుటుంబానికీ రాజుకూ మధ్య పొత్తు తెగిందని ఎక్కడా వినం.

రెండో కావ్యం దేవుడికి

నన్నయ ఆపిన భారతాన్ని తిక్కన విరాటపర్వంతో అందుకుని చివరిదాకా 15 పర్వాలు రాశాడు. అరణ్యపర్వంలో మిగిలిన భాగాన్ని తర్వాత ఎర్రన పూర్తి చేశాడు. ఇంత పెద్ద భారతాన్ని తిక్కన ఎవరికి అంకితమిచ్చాడు? గద్దె తిరిగి ఇప్పించిన గణపతిదేవుడికి ఇవ్వవచ్చు. ఏ రాజైనా కళ్ళకద్దుకుని తీసుకునేవాడు. ఆయన మాత్రం శివుడూ విష్ణువూ ఒక్కటేనంటూ హరిహరనాథుడికి సమర్పించాడు.

తిక్కన రచనల్లో మనకు పూర్తిగా దక్కినవి ఈ రెండే. ఒకటి దేవుడికి చేరింది. ఇంకొకటి మామా అని పిలిచిన మనుమసిద్ధికి చేరింది. ఆ గౌరవం మూడో మనిషికి దక్కలేదు.

మనుమసిద్ధి ఏలుబడి 1263 ప్రాంతంలో ముగిసిందంటారు. ఆ లెక్కన తిక్కన ఆ తర్వాత పాతికేళ్ళు బతికాడు. ఆ రాజంటే తనకెంత ప్రేమో ఆయన విడమరచి చెప్పుకోలేదు. చేసిన పనులే చెబుతాయి. తెలుగు చోడుల గద్దె పోయి ఏడు వందల ఏళ్ళు దాటింది. పిల్లనిచ్చిన మామగా తిక్కన పేరు పక్కన మనుమసిద్ధి పేరు మాత్రం ఇప్పటికీ నిలిచే ఉంది.