బ్రహ్మర్షి రఘుపతి వెంకటరత్నంనాయుడు

ద్రాక్షారామంలో భీమేశ్వరాలయమూ, ఔలియా దర్గా తరతరాలుగా ఇరుగుపొరుగున వెలసియున్నవి. ఇట్టి సీమలో విద్యాలయం ఎవరిదన్న ప్రశ్న కలిగినప్పుడు మాకు స్ఫురించే మహనీయుడు రఘుపతి వెంకటరత్నంనాయుడు.

ఆయన 1862 అక్టోబరు 1న మచిలీపట్నంలో జన్మించారు. తండ్రి సైనికోద్యోగి అగుటచే బాల్యం ఉత్తరాదిన గడచింది. ఉర్దూ, పారశీక భాషలు అబ్బినవి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, సికింద్రాబాదు మహబూబు కళాశాలలో ప్రిన్సిపాలుగా పనిచేసి, అటుపిమ్మట కాకినాడ పిఠాపురం రాజా కళాశాలను 1919 వరకు నడిపారు.

ధనం సంస్థానానిది, పాలన ప్రిన్సిపాలుది. పిఠాపురం మహారాజా సూర్యారావు ఆయన శిష్యుడగుటచే ఆ రెండింటికీ పొత్తు కుదిరింది. కళాశాలలో బాలికలకు ప్రవేశం లభించింది. పట్టణంలో అనాథలకు శరణాలయం, దళిత విద్యార్థులకు వసతిగృహం ఏర్పడినవి. తన జీతంలో అధికభాగం పేద విద్యార్థులకే వెచ్చించారు. 1925 నుండి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉండి, 1939 మే 26న పరమపదించారు.

అల్పసంఖ్యాకుల కళాశాలలో బోధించు మాకు ఈ జీవితం ఒక పాఠం. కొత్త కోర్సు కోరుట సులభం. అందులో చేరగోరిన పేదబిడ్డ ఫీజు ఎవరు కట్టుదురో పాలకవర్గం ముందుగా తేల్చుకొనవలెను.