అరవై ఎనిమిదేళ్ళ వరకు బ్యాటు దింపని సి.కె. నాయుడు గారు

మన సర్రీలో తెలుగువాళ్ళు నలుగురు కలిసినచోట ఈ మధ్య తరచుగా వినపడే మాట ఒకటుంది. "ఇంక మన వల్ల ఏమవుతుందిలెండి, యాభై దాటేశాం కదా!" మోకాళ్ళ నొప్పులు, షుగరు, బీపీ, కొలెస్టరాల్ గురించి మాట్లాడుకోవడం వాతావరణం గురించి మాట్లాడుకున్నంత మామూలైపోయింది. నేను ముప్పైల్లో ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. పెద్దవాళ్ళకి సలహాలిచ్చేంత వాడిని కాను. అందుకని సలహా బదులు ఒక జీవితకథ చెబుతాను. ఆయన మన తెలుగువాడే. పేరు కొఠారి కనకయ్య నాయుడు. ప్రపంచానికి సి.కె. నాయుడు.

భారత జట్టు మొట్టమొదటి టెస్టు కెప్టెన్ ఆయనేనని చాలామందికి తెలుసు. కానీ ఆయన జీవితంలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది అది కాదు. యాభై దాటాక ఆయన ఏం చేశారన్నది!

నాయుడు గారి పూర్వీకులది మచిలీపట్నం ప్రాంతం. తాతగారి కాలానికే కుటుంబం నాగపూర్‌లో స్థిరపడింది. ఒక రకంగా వాళ్ళు కూడా మనలాగే సొంత ఊరు వదిలి వెళ్ళి బతికినవాళ్ళు. ఆయన 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో పుట్టారు. 1916లో, ఇరవై ఒకటో ఏట, హిందూ జట్టు తరఫున యూరోపియన్ల మీద మొదటి ఫస్ట్ క్లాస్ మ్యాచ్ ఆడారు. సిక్సర్‌తో పరుగుల ఖాతా తెరిచారు. 1923లో ఇండోర్ మహారాజు తుకోజీరావు హోల్కర్ పిలిపించి తన సైన్యంలో ఉద్యోగం ఇచ్చారు. అప్పటినుంచి ఇండోరే ఆయన ఊరయింది.

1926 డిసెంబరులో ఇంగ్లండు నుంచి ఎం.సి.సి. జట్టు వచ్చినప్పుడు, బొంబాయి జింఖానా మైదానంలో ఆయన రెండు గంటల లోపే 153 పరుగులు కొట్టారు. అందులో 11 సిక్సర్లు! తెల్లదొరల జట్టు మెచ్చి ఒక వెండి బ్యాటు బహూకరించింది. మనవాళ్ళు టెస్టులు ఆడగలరన్న నమ్మకం కలగడానికి ఆ ఇన్నింగ్స్ కూడా ఒక కారణమని చరిత్రకారులు అంటారు.

1932లో లార్డ్స్‌లో భారత్ తన తొలి టెస్టు ఆడింది. కెప్టెన్‌గా దిగేనాటికి నాయుడు గారికి ముప్పై ఆరేళ్ళు. ఈ రోజుల్లో ఆ వయసు క్రికెటర్‌ని ఎప్పుడు రిటైరవుతారని అడుగుతారు. ఆయన టెస్టు జీవితం అప్పుడే మొదలయింది! ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా బ్యాటింగుకి వచ్చి, మొదటి ఇన్నింగ్స్‌లో మన జట్టులో అందరికన్నా ఎక్కువగా 40 పరుగులు చేశారు. మరుసటి ఏడాది విజ్డెన్ ఆయన్ని అయిదుగురు మేటి క్రికెటర్లలో ఒకరిగా ఎంచింది.

1936 ఇంగ్లండు పర్యటనకి కెప్టెన్సీ ఆయనకి దక్కలేదు. విజయనగరం మహారాజకుమారుడు విజ్జీకి దక్కింది. అదీ మన తెలుగు నేలకి చెందిన కథే. ఆ పర్యటనలో చివరి టెస్టు ఓవల్‌లో జరిగింది. ఓవల్ అంటే ఇంగ్లండులోని సర్రీ కౌంటీ జట్టు సొంత మైదానం. మన ఊరికి పేరొచ్చింది ఆ సర్రీ నుంచే. గబ్బీ ఆలెన్ వేసిన బంతి ఛాతీకి బలంగా తగిలినా నాయుడు గారు నిలబడి ఆడి 81 పరుగులు చేశారు. అప్పుడాయనకి నలభై ఏళ్ళు. అదే ఆయన ఆఖరి టెస్టు.

మనలో చాలామందిమి ఆ స్థానంలో ఉంటే బ్యాటు అటక మీద పెట్టేసి, పాత ఫోటోలు చూసుకుంటూ కూర్చుంటాం. ఆయన ఇంటికెళ్ళి కూర్చోలేదు. టెస్టులు లేకపోతే రంజీ ఉంది కదా అని హోల్కర్ జట్టుని తయారుచేశారు. క్రమశిక్షణ విషయంలో ఆయనంటే కుర్రాళ్ళకి హడల్. ముష్తాక్ అలీ, సర్వాతే లాంటివాళ్ళు ఆ జట్టులో ఆడినవారే. ఆయన నాయకత్వంలో ఆ జట్టు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. మొదటి గెలుపు 1945-46లో. ఆ సీజన్‌లోనే యాభై ఏళ్ళ నాయుడు గారు బరోడా మీద 200 పరుగులు చేశారు. నాలుగో గెలుపు 1952-53లో, ఆయన యాభై ఏడో ఏట.

ఆ రోజుల్లోనే బొంబాయితో జరిగిన మ్యాచ్‌లో దత్తూ ఫడ్కర్ వేసిన బంతి మూతికి తగిలి పళ్ళు ఊడాయని, ఆయన వాటిని బ్యాటుతో పక్కకి తోసి మళ్ళీ గార్డు తీసుకున్నారని క్రికెట్ ప్రపంచంలో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. (దయచేసి ఈ ఒక్క విషయంలో ఎవరూ ఆయన్ని అనుసరించకండి!)

1953-54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీలో అడుగుపెట్టింది. ఆ జట్టుని నడిపించింది ఎవరనుకున్నారు? యాభై ఎనిమిదేళ్ళ నాయుడు గారే. 1956-57లో ఉత్తరప్రదేశ్‌కి కెప్టెన్ అయ్యారు. అరవై ఒకటో ఏట రాజస్థాన్ మీద 84 పరుగులు చేశారు. వినూ మన్కడ్ లాంటి బౌలర్‌ని సిక్సర్లు కొట్టారు. 1963-64లో, అరవై ఎనిమిదో ఏట, ఒక విరాళాల మ్యాచ్‌లో ఆఖరి ఫస్ట్ క్లాస్ ఆట ఆడారు. మొత్తం 207 మ్యాచులు, 11,825 పరుగులు, 411 వికెట్లు. 1956లో పద్మభూషణ్ అందుకున్నారు. 1967 నవంబరు 14న ఇండోర్‌లో కన్నుమూశారు.

ఇదంతా చదివి "ఆయన శరీరతత్త్వం వేరు, మహారాజుల కొలువు వేరు, మనకా తీరిక ఎక్కడిది?" అని మీరనవచ్చు. నిజమే. ఆయన మైదానంలో పెరిగారు. మనం కుర్చీలో పెరుగుతున్నాం. పైగా మన దక్షిణాసియా వాళ్ళకి గుండెజబ్బులు, మధుమేహం ముందుగానే వచ్చే ప్రమాదం ఎక్కువని వైద్యులు హెచ్చరిస్తూనే ఉన్నారు. కాబట్టి చాలాకాలం తర్వాత వ్యాయామం మొదలుపెట్టేవాళ్ళు ముందు ఫామిలీ డాక్టర్ని కలవడం మంచిది.

కానీ ఆయన దగ్గర మనం నేర్చుకోదగ్గది సిక్సర్లు కొట్టడం కాదు. స్థాయి తగ్గిందని ఆయన ఆట మానలేదు. టెస్టులు పోతే రంజీ, పెద్ద జట్టు లేకపోతే కొత్త జట్టు, చివరికి ఒక విరాళాల మ్యాచ్. ఎక్కడ ఆడే వీలుంటే అక్కడ ఆడారు. మనం మాత్రం కాలేజీ రోజుల్లో పరుగెత్తినట్టు పరుగెత్తలేకపోతున్నామని నడక కూడా మానేస్తాం. అప్పట్లా షటిల్ ఆడలేకపోతున్నామని రాకెట్ గరాజ్‌లో పడేస్తాం. నిన్నటి మనతో పోల్చుకుని ఈ రోజు చేయగలిగింది వదిలేస్తున్నాం. నా దృష్టిలో అసలు వయసు సమస్య అదే.

కెనడా మార్గదర్శకాలు పెద్దలందరికీ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కాస్త చెమటపట్టే పని, రెండుసార్లయినా కండరాలకి బలమిచ్చే వ్యాయామం. అరవై అయిదు దాటినవాళ్ళు పడిపోకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు కూడా చేయాలి. 150 నిమిషాలంటే వారంలో అయిదు రోజులు అరగంట చొప్పున వేగంగా నడవడం. మనం తెలుగు సీరియల్‌కి ఇచ్చే సమయమే కదా! వానాకాలంలో నడవడం కష్టమంటారా, మన రిక్రియేషన్ సెంటర్లు ఉండనే ఉన్నాయి.

వేసవిలో మన ఊరి పార్కుల్లో పిల్లలు క్రికెట్ ఆడుతుంటే, బయట కుర్చీ వేసుకుని స్కోరు రాసే అంకుల్స్ కనపడతారు. ఈసారి ఆ పుస్తకం ఇంకెవరికైనా ఇచ్చి ఒక రెండు ఓవర్లు వేసి చూడండి. బంతి పిచ్ మధ్యలోనే పడినా పర్వాలేదు. మిమ్మల్ని చూసి ముందుగా నవ్వేది మీ పిల్లలే, తర్వాత గర్వంగా చెప్పుకునేది కూడా వాళ్ళే.