ఫోటోల రాజు దీన్‌దయాళ్

ఈ సంచికలో నేను రాజా దీన్‌దయాళ్ గారి జీవితం రాస్తున్నాను.

ఆయన 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో జన్మించారు. రూర్కీ థామసన్ కాలేజీలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇండోరులో ప్లాన్లు గీసే సర్కారు ఉద్యోగంలో చేరారు. 1874 ప్రాంతంలో, ముప్ఫై ఏళ్ల వయసులో, కెమెరా పట్టారు.

అప్పట్లో ఫోటో అంటే మామూలు కష్టం కాదు. వెండి లవణం పూసిన గాజు ప్లేటు మీద బొమ్మ పట్టాలి. మొదట్లో ప్లేటు తడి ఆరకముందే తీసి, వెంటనే కడగాలి. అందుకే డేరా, మందులు అన్నీ వెంట మోసుకుపోవాలి. తర్వాత పొడి ప్లేట్లు వచ్చాయి. మామూలు ప్లేటుకు ఎరుపు కనపడదు. కాబట్టి చీకటిగదిలో ఎర్రదీపం పెట్టుకుని కడిగేవాళ్లు. వెలుగు పడ్డచోటు డెవలపరులో నల్లబడుతుంది, మిగిలిన లవణాన్ని హైపో కరిగిస్తుంది. అదే నెగటివు.

ఆయన 1905లో చనిపోయారు. ఐదేళ్లకు, 1910లో, అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ ఇన్‌ఫ్రారెడ్ ఫోటోలు చూపించాడు. ఎరుపుకు అవతల, మన కంటికి కనపడని వెలుగుతో తీసేవి అవి. ఆ ఫిల్మును కెమెరాలో వేయాలన్నా, కడగాలన్నా కటికచీకటి కావాలి. ఎర్రదీపం పెట్టామా, పాడైపోతుంది! డెవలపరు, హైపో మాత్రం పాతవే. లెన్సుకు ఎర్ర ఫిల్టరు బిగించి మన పల్నాటి ఎండలో వేపచెట్టును తీస్తే ఆకులు తెల్లగా, ఆకాశం నల్లగా వస్తాయి.

మళ్లీ దీన్‌దయాళ్ గారి దగ్గరికి వద్దాం. ఆయన ఉద్యోగం వదిలి సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయన్ను ఆస్థాన ఫోటోగ్రాఫరుగా పెట్టుకుని, రాజా బిరుదు ఇచ్చారు. పరదా పాటించే ఆడవాళ్ల కోసం 1892లో హైదరాబాదులో వేరే స్టూడియో తెరిచారు. అక్కడ ఫోటోలు తీసింది కూడా ఒక ఇంగ్లీషు స్త్రీయే. నవాబులనే కాదు, నిజాం రాజ్యంలో కరువు పనులను కూడా ఆయన ఫోటోలు తీశారు. ఆయన గాజు నెగటివులు 2857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

నవాబుల ముఖాలు అలా మిగిలాయి. మన తండాల్లో, చెంచు గూడేల్లో ముత్తాతల ఫోటోలు ఎన్ని ఉన్నాయి? మా ఇంట్లో ఒక్కటీ లేదు. అందుకే సెలవులకు ఇంటికి పోయినప్పుడు అవ్వాతాతల ఫోటో ఒకటి తీయించండి. వెనకాల పేరు, ఊరు, తేదీ రాయడం మరవొద్దు.