అశ్వహృదయ మెరిగిన యోధుడు

నలమహారాజు అశ్వహృదయ మెరిగినవాడని భారతకథ చెప్పుచున్నది. విరాటుని కొలువులో నకులుడు దామగ్రంథి యను పేర గుర్రములను సాకినట్లు తిక్కన భారతము చదివిన ప్రతి విద్యార్థియు నెరుగును. గుర్రము మనస్సు తెలిసి దానిని నడుపుట మన పూర్వులు గొప్పవిద్యగా నెంచిరి. ఆ విద్య పురాణపురుషులతో అంతరించినది కాదు. 20వ శతాబ్దమున జపానుదేశమున పుట్టి, ఎవ్వరికిని లొంగని ఒక గుర్రమును మచ్చిక చేసికొని, దానితో ప్రపంచఖ్యాతి నార్జించి, తుదకు ఆ గుర్రమునకు దూరముగా ఒక చిన్న ద్వీపమున యుద్ధమునకు బలియైన తకేయిచి నిషి జీవితమే ఇందుకు నిదర్శనము.

నిషి 1902వ సంవత్సరము జూలై 12వ తేదీన టోక్యో నగరమున జన్మించెను. తండ్రి తొకుజిరో నిషి జపాను ప్రభుత్వమున విదేశాంగమంత్రిగాను, చైనాలో రాయబారిగాను పనిచేసి బారన్ బిరుదము పొందిన ప్రముఖుడు. తకేయిచి ధర్మపత్నికి కలిగిన బిడ్డ కాడు. సంపద లెక్కకు మించి యున్నను కన్నతల్లి లాలన అతనికి దక్కలేదు. పదేండ్లు నిండకమునుపే, 1912లో, తండ్రియు గతించెను. ఆటపాటల ప్రాయమున ఆ బాలుడు బారన్ బిరుదమునకు, విస్తారమైన ఆస్తికి వారసుడయ్యెను. ఆజ్ఞ పెట్టువారు లేరు. అక్కున చేర్చుకొనువారును లేరు. అట్టి బాలుడు చెడుటకు వలసిన సాధనములన్నియు సమకూడియుండెను. అతనిని నిలిపినవి సైనికశిక్షణము, గుర్రములు.

సైనిక పాఠశాలలలో చదివి, 1924లో సైనిక విద్యాలయమునుండి పట్టము పొంది, నిషి ఆశ్వికదళమున చేరెను. అప్పటికి మొదటి ప్రపంచయుద్ధము ముగిసి ఆరేండ్లయ్యెను. మరతుపాకుల యెదుట గుర్రపుదళము నిలువజాలదని ఆ యుద్ధము నిరూపించినది. అయినను సైన్యములలో ఆశ్వికునకు పూర్వపు గౌరవము ఇంకను మిగిలియుండెను. నిషి వేగమును ప్రేమించినవాడు. మోటారుబండ్లన్నను, గుర్రములన్నను అతనికి ప్రాణము. గుర్రముపై నుండి తన కారు మీదుగా లంఘించిన ఛాయాచిత్రము అతని సాహసమునకు నేటికిని సాక్ష్యముగా నున్నది.

ఆ కాలమున ఐరోపా ఆశ్వికవిద్యలో గొప్ప మార్పు వచ్చియుండెను. దానికి మూలపురుషుడు ఇటలీ దేశపు సైన్యాధికారి ఫెదెరికో కాప్రిల్లి. అతనికి పూర్వము గుర్రము కంచెను దాటునప్పుడు రౌతు వెనుకకు వాలి, వాగెలను బిగించి పట్టెడివాడు. రౌతు బరువంతయు గుర్రము నడుముమీద పడెడిది. కళ్లెము నోటిని కోసెడిది. ఆ బాధకు బెదరి గుర్రములు కంచెను చూచినంతనే మొరాయించెడివి. కాప్రిల్లి రౌతు లేని గుర్రములు ఎట్లు దూకుచున్నవో శ్రద్ధగా పరిశీలించెను. గుర్రము మెడ చాచి, తల ముందుకు వంచి, సహజముగా లేచుచున్నదని గ్రహించెను. రౌతు రికాబులను పొట్టిచేసికొని, దేహమును ముందుకు వంచి, వాగెలను వదులు చేసి, గుర్రము కదలికతో తానును కదలవలెనని బోధించెను. గుర్రమును మనిషికి అనువుగా వంచుట మాని, మనిషి గుర్రమునకు అనువుగా వంగవలెననుటయే ఆ బోధ సారాంశము. కాప్రిల్లి 1907లో మరణించెను గాని అతని పద్ధతి దేశదేశముల వ్యాపించెను. జపాను సైన్యము తన అధికారులను ఇటలీకి పంపి ఆ విద్యను నేర్పించెను.

అట్లు ఇటలీకి పోయినవారిలో ఇమమురా యసుషి యొకడు. 1930లో అచ్చట ఒక అసాధారణమైన గుర్రము అమ్మకమున కున్నదని అతడు నిషికి తెలియజేసెను. దాని పేరు యురేనస్. ఫ్రాన్సుదేశపు జాతిగుర్రము; మూపువద్ద ఇంచుమించు 180 సెంటీమీటర్ల ఎత్తు; నొసట తెల్లని చుక్క. దూకుటలో దానికి సాటి లేదు. కాని అది కోపిష్ఠి. ఎక్కినవారిని క్రింద పడవేయుట దానికి ఆట. సైన్యము దానిని కొనుటకు అంగీకరింపలేదు. నిషి ఇటలీకి పోయి, తన సొంత ధనముతో దానిని కొనెను.

ఇతరులకు దుర్వారమైన ఆ గుర్రము నిషికి వశమయ్యెను. బలప్రయోగము వలన వచ్చిన వశ్యత కాదది. దానికి వలసినంత స్వేచ్ఛ నిచ్చి, దూకు క్షణమున తన బరువును అడ్డముగా నుంచక, దాని నమ్మకమును అతడు సంపాదించెను. తల్లిదండ్రుల ఆదరణ నెరుగని యువకునకును, యజమానుల నెవ్వరిని సహింపని గుర్రమునకును ఏదో ఒడంబడిక కుదిరెను. తనను నిజముగా అర్థము చేసికొన్నది యురేనస్ ఒక్కటియేనని నిషి భావించెడివాడందురు. అతడా గుర్రముతో ఐరోపాలోని పోటీలలో పాల్గొని, విజయములు గాంచి, దానిని జపానుకు తెచ్చెను. అటుపిమ్మట అతని లక్ష్యము 1932వ సంవత్సరపు లాస్ ఏంజిలిస్ ఒలింపిక్ క్రీడలు.

గుర్రమును అట్టి పోటీకి సిద్ధపరచుట ఒక ఋతువంతయు సాగు తపస్సు. దినదినము దానిని నెమ్మదిగా నడిపించి, కండరములను బలపరచి, మలుపులలో తూకము తప్పకుండ తీర్చవలెను. కంచెల ఎత్తును క్రమక్రమముగా పెంచవలెను. ఒక్కమారు భయపడిన గుర్రమునకు ధైర్యము తిరిగి తెచ్చుటకు వారములు పట్టును. మేత, గిట్టలు, నాడాలు, శ్వాస అన్నియు కనిపెట్టియుండవలెను. ఇంత చేసి, ఆ గుర్రమును ఓడపై పసిఫిక్ మహాసముద్రము దాటించి, అలసట తీర్చి, పోటీనాటికి ఉత్సాహముతో నిలుపవలెను.

జపాను బృందము అమెరికా చేరునప్పటికి వాతావరణము అనుకూలముగా లేదు. 1931 సెప్టెంబరులో జపాను సైన్యము మంచూరియాను ఆక్రమింపబూనెను. అమెరికాప్రజలలో జపానుపై ఆగ్రహము ప్రబలెను. ఆ దేశమున నివసించు జపానీయులు అనేక వివక్షలకు లోనై యుండిరి. ఇట్టి సమయమున శత్రుభావముతో చూచువారి నడుమ సైనికవేషమున పోటీచేయుట సులభము కాదు.

నిషి పోటీకి ముందే అతని సహచరుడు షుంజో కిదో అచ్చటివారి మనస్సులను కదలించెను. అతడు పాల్గొన్నది మూడు దినముల పోటీ. అందు మొదట గుర్రము నడకలోని క్రమశిక్షణను, పిదప దూరప్రయాణమున దాని సత్తువను, చివరకు కంచెలు దాటు నేర్పును పరీక్షింతురు. దూరప్రయాణమే ఇంచుమించు 36 కిలోమీటర్లు. బాటలు, పొలములు, అడ్డుకంచెలు అన్నియు దాటవలెను. గమ్యము సమీపించిన వేళ తన గుర్రము క్యుగున్ బలమంతయు ఉడిగిపోయినదని కిదో గ్రహించెను. ముందుకు తరిమినచో అది పడి చచ్చునేమో! అతడు పోటీని విడిచి, గుర్రము దిగి, దానిని ఊరడించెను. ఆ పోటీలో స్వర్ణపతకము హాలెండుకు చెందిన పాహూ ద మొర్తాంజ్ గెలుచుకొనెను. కిదోకు పతకము లేదు. కాని అతని కరుణకు గుర్తుగా కాలిఫోర్నియాలో ఒక ఫలకము వెలసెను. గెలిచినవాని కన్న విడిచినవాడు పూజ్యుడగుట క్రీడాచరిత్రలో అరుదైన సంగతి.

ఆగస్టు 14వ తేదీ క్రీడలకు కడపటి దినము. లక్షమందికి పైగా పట్టు కొలీజియం క్రీడారంగమున కంచెలు దాటు పోటీ జరిగెను. 4 దేశములకు చెందిన 11 మంది రౌతులు దిగిరి. దూలమును పడద్రోసినను, గుర్రము మొరాయించినను, నిర్ణీతకాలము మించినను తప్పులు లెక్కకు వచ్చును. పదేపదే మొరాయించిన గుర్రము పోటీనుండి తొలగింపబడును. ఆనాటి కంచెలు ఎంత కఠినములనగా, అన్నిటిని దాటి ముగించినవారు 5 గురు మాత్రమే. యురేనస్‌ను చూపించిన ఇమమురాకే అతని గుర్రము అడ్డము తిరుగగా అతడు తొలగవలసివచ్చెను. జపాను ఆశ నిషి యొక్కనిపై నిలిచెను.

యురేనస్ రంగమున ప్రవేశించి ఒక్కొక్క కంచెను సమీపించుచు, లేచుచు, దాటుచు పోయెను. ఒక ఎత్తైన కంచెవద్ద తగులుననిపించినప్పుడు అది తన వెనుకకాళ్లను తనంత తానే ప్రక్కకు మెలిత్రిప్పి దాటెనని చెప్పుదురు. రౌతు అడుగకయే గుర్రము తన సర్వశక్తిని ధారపోసెను. నిషి 8 తప్పులతో ముగించెను. అమెరికా సైన్యాధికారి హ్యారీ చాంబర్లిన్ 12 తప్పులతో రెండవస్థానమును, స్వీడనుకు చెందిన వాన్ రోజెన్ 16 తప్పులతో మూడవస్థానమును పొందిరి. ఏ దేశమునకును ముగ్గురు రౌతులు ముగించకపోవుటచే జట్టు పతకము ఎవ్వరికిని దక్కలేదు. స్వర్ణపతకము నిషిది. క్షణకాలము దేశద్వేషమును మరచి ఆ ప్రేక్షకులు అతనిని కరతాళధ్వనులతో అభినందించిరి.

బారన్ నిషి పేరు అమెరికా అంతట మారుమ్రోగెను. లాస్ ఏంజిలిస్ నగరము అతనికి గౌరవ పౌరసత్వము నొసగెను. డగ్లస్ ఫెయిర్‌బాంక్స్, మేరీ పిక్‌ఫర్డ్ వంటి చలనచిత్రతారలు అతనికి మిత్రులైరి. అచ్చటి జపానీయులు తలయెత్తి వీధులలో నడచిరి. ఒక మనిషి, ఒక గుర్రము కలిసి రాయబారులు చేయలేని పనిని కొన్ని నిమిషములలో చేసిరి. కాని ఆ స్నేహము నిలువలేదు.

1936లో బెర్లిన్ ఒలింపిక్ క్రీడలకు నిషి మరల పోయెను. యురేనస్‌తో కంచెల పోటీలోను, ఆస్కాట్ అను గుర్రముతో మూడు దినముల పోటీలోను పాల్గొనెను, పతకము లభింపలేదు. గుర్రపుపోటీల స్వర్ణపతకములు ఆరును జర్మనులే గెలిచిరి. 1940 నాటి క్రీడలు టోక్యోలో జరుగవలసియుండెను. చైనాతో యుద్ధము సాగుచుండుటచే జపాను 1938లో ఆ బాధ్యతను వదులుకొనెను. ఆశ్వికదళముల స్థానమును టాంకుదళములు ఆక్రమించెను. నిషి కొంతకాలము హొక్కాయిదోలో సైన్యపు గుర్రములను పెంచు కేంద్రమున పనిచేసెను. పిదప అతడును టాంకుల నాయకుడయ్యెను. ప్రాణమున్న వాహనమును దిగి ప్రాణము లేని వాహనమునెక్కుట ఆ తరపు ఆశ్వికులందరి విధి.

1944లో 26వ టాంకుదళమునకు అధిపతియైన నిషిని ఐవో జిమా ద్వీపమునకు పొమ్మని ఆజ్ఞ వచ్చెను. ఆ పేరునకు గంధకద్వీపమని యర్థము. టోక్యోకు దక్షిణమున 1,200 కిలోమీటర్ల దూరమున, 21 చదరపు కిలోమీటర్ల వైశాల్యముతో, త్రాగునీరు కరవైన వేడినేల యది. జూలై 18వ తేదీన అమెరికా జలాంతర్గామి అతని ఓడను ముంచివేసెను. మనుష్యులు చాలవరకు బ్రదికిరి గాని 28 టాంకులు సముద్రము పాలయ్యెను. వేరు టాంకులు తెచ్చుటకై అతడు టోక్యోకు వచ్చెను.

ఆ రాకలోనే అతడు యురేనస్‌ను చూడబోయెను. గుర్రము ముసలిదై యుండెను. అయినను అడుగుల చప్పుడు వినినంతనే యజమానుని గుర్తించి, ఆనందముతో మెడ చాచి అతని భుజమున తల మోపెనని చెప్పుదురు. నిషి దాని జూలునుండి కొన్ని వెండ్రుకలు కత్తిరించి తీసికొనిపోయెను. లాస్ ఏంజిలిస్‌లో పట్టిన కొరడాను కూడ యుద్ధభూమికి కొనిపోయెనందురు. మరల రానని ఎరిగియే అతడు భార్యాబిడ్డలను విడిచి వెడలెను.

1945 ఫిబ్రవరి 19వ తేదీన అమెరికా సేనలు ద్వీపముపై దిగెను. ఇంధనము చాలక, తిరుగుటకు వీలులేని ఆ నేలలో టాంకులను మెడదాక పాతిపెట్టి ఫిరంగులుగా వాడవలసివచ్చెను. వేగమే ప్రాణముగా బ్రదికిన ఆశ్వికునకు కదలని యుద్ధము దక్కెను. ఎదుట నున్నవారు అతనికి జయధ్వానములు చేసిన దేశపువారే. నెలకు పైబడిన ఆ పోరున 6,800 మందికి పైగా అమెరికనులును, ద్వీపమునందలి 21,000 మంది జపానీయులలో ఇంచుమించు అందరును మరణించిరి. మార్చి 22వ తేదీ ప్రాంతమున నిషి కూలెను. అప్పటికి అతని వయస్సు 42 సంవత్సరములు. ఆ వార్త జపానుకు చేరకమునుపే, మార్చి నెల ముగియకమునుపే, యురేనస్ కూడ టోక్యోలో కన్నుమూసెను.

యుద్ధానంతరము యురేనస్ జూలువెండ్రుకలు అమెరికాలో బయల్పడి, 1990 ప్రాంతమున జపానుకు తిరిగి చేరెను. నిషి పనిచేసిన హొక్కాయిదోలోని హొన్‌బెత్సు పట్టణమున వానిని భద్రపరచిరి. 2006లో వెలువడిన ఒక అమెరికా చలనచిత్రము అతని తుదిదినములను లోకమునకు మరల జ్ఞప్తి చేసెను. అతని తరువాత 92 సంవత్సరములు గుర్రపుపోటీలలో జపానుకు ఒలింపిక్ పతకము లేదు. 2024లో పారిస్ క్రీడలయందు మూడు పరీక్షల పోటీలో జపాను జట్టు కాంస్యపతకము గెలుచుకొనెను. నాడు కిదో తన గుర్రమును కాపాడుటకై విడిచిన పోటీ అదియే. స్వర్ణపతకము మాత్రము నేటికిని నిషిదొక్కటియే.

కిదో గుర్రముపై జాలిగొని గెలుపును విడిచెను. నిషి గుర్రమును నమ్మి గెలుపు పొందెను. ఇద్దరు నెరిగిన ధర్మ మొక్కటియే. మూగజీవిని కొరడాతో కొంతదూరము తరుమవచ్చును. దాని సర్వస్వమును పొందవలెనన్నచో మనస్సు నెరుగవలెను. చేతిక్రిందివారిని నడుపు ప్రతివానికిని, బడిలో బాలురను తీర్చు ఉపాధ్యాయునకును ఇది వర్తించును. మనుష్యులను నడిపిన రాజ్యములు ఈ చిన్న సత్యమును మరచినందుననే అశ్వహృదయ మెరిగిన యోధుడు గంధకభూమిలో కలిసిపోయెను.