మన్రో దొర: చదువు, కొలువు

పరాయి పాలకుని పేరును ప్రజలు తమ బిడ్డలకు పెట్టుకొనడం అరుదు. మన అనంతపురం, బళ్లారి సీమలలో మన్రోలప్ప అనే పేరు ఒకప్పుడు వినిపించేది. మంత్రాలయంలో ఆయనకు రాఘవేంద్రస్వామి దర్శనమిచ్చినట్లు చెప్పే కథ నేటికీ నిలిచి ఉన్నది. పన్నులతోనూ, పాళెగాండ్రతోనూ ముడిపడిన ఈ సర్ థామస్ మన్రోను మేము ఇక్కడ వేరొక కారణంగా స్మరింపదలచినాము. చదువునకూ కొలువునకూ గల సంబంధాన్ని ఆనాడే గట్టిగా పట్టుకొన్న పాలకుడాయన.

1761లో స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో ఒక వర్తకుని ఇంట మన్రో జన్మించినాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో చదివినాడు. అమెరికా స్వాతంత్ర్య సమరం వర్జీనియాతో వ్యాపారం చేసే తండ్రిని దివాలా తీయించినది. చదువుకొన్న కుమారుడు బ్రతుకుతెరువు వెదకుకొంటూ, 1780లో కంపెనీ సైన్యంలో చిరుద్యోగిగా మద్రాసు చేరినాడు. అప్పటికి పందొమ్మిదేండ్లు నిండలేదు. చాలీచాలని జీతంతో కాలం గడుపుతూనే పారసీ, హిందుస్తానీ భాషలు నేర్చినాడు. దేశభాషలు తెలిసిన అధికారులు అరుదైన ఆ రోజులలో, 1792లో బారామహలు రెవెన్యూ కొలువు ఆయనకు ఆ భాషల వలననే లభించినది.

1800లో నిజాము దత్తమండలాలను కంపెనీకి అప్పగించినప్పుడు మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి అనంతపురంలో మకాం పెట్టినాడు. పాళెగాండ్రను అణచినాడు, రైతువారీ పద్ధతిని నాటినాడు. శిస్తు భారమన్న సంగతి గుర్తించి, నాలుగవ వంతు తగ్గించాలని 1807లో కోరినాడు. పైవారు వినలేదు. తానే గవర్నరైన 1820లో గాని అది నెరవేరలేదు. ఈ నడుమ పదమూడేండ్లూ ఆ భారాన్ని మోసినది రైతే గదా!

గవర్నరుగా 1822లో రాజధాని అంతటా బడుల లెక్క తీయించినాడు. అనంతపురం అప్పుడు బళ్లారి జిల్లాలో భాగం. 1882లో గాని విడివడలేదు. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన లెక్క ఇది: జనాభా 9,27,857, బడులు 533, విద్యార్థులు 6,641. అందులో ముస్లిములు 243 మంది మాత్రమే. ఆడపిల్లలు అరవై మంది. వారిలో ముస్లిం బాలిక ఒక్కతె లేదు. ఈ అంకె వద్ద మేము చాలాసేపు ఆగిపోయినాము. దీనికి క్యాంబెల్ చెప్పిన హేతువు పేదరికం. సీమ గుడ్డలు వచ్చి మగ్గాలు మూలబడినవి. ఇక్కడి సైన్యాలు తరలిపోవడంతో ధాన్యానికి గిరాకీ తగ్గినది. కాళ్లూ చేతులూ గట్టిపడగానే పిల్లలను పనికి పంపుతున్నారు.

దేశీయులకు పెద్ద ఉద్యోగాల తలుపులు మూసి ఉంచి, వారికి చదువు చెప్పినందువలన ప్రయోజనం లేదని మన్రో 1824లో నిష్కర్షగా వ్రాసినాడు. 1826లో ఒక పథకం రచించినాడు. ఇరవై కలెక్టరేట్లలో ఒక్కొక్క దానికి హిందువులకొకటి, ముస్లిములకొకటి చొప్పున నలభై పాఠశాలలు. తాసీల్దారీలలో మరి మూడు వందలు. కలెక్టరేటు పాఠశాల ఉపాధ్యాయునికి నెలకు 15 రూపాయలు, తాసీల్దారీ ఉపాధ్యాయునికి 9 రూపాయలు. తక్కినది పిల్లలిచ్చే జీతాలతో పూరించుకొనవలసినదే! మొత్తం వ్యయం ఏడాదికి 48,000 రూపాయలు. ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చే ఏర్పాటు కూడ ఇందులో ఉన్నది. అయితే కూలి మానితే పూట గడవని పిల్లవాని ఇంటికి ఈ పథకం ఏమీ ఇవ్వలేదు. క్యాంబెల్ చూపిన పుండు అట్లే మిగిలినది.

పదవి విడిచి స్వదేశం వెళ్లే ముందు మన్రో ఈ జిల్లాలను కడసారి చూడవచ్చినాడు. 1827 జూలై 6న పత్తికొండలో కలరా సోకి మరణించినాడు. ఆయనను గుత్తిలో ఖననం చేసినారు. మరుసటి ఏడు డైరెక్టర్లు పథకాన్ని ఆమోదించినారు. ఉన్నత విద్య మీదికి ప్రభుత్వ దృష్టి మళ్లి, 1836లో ఆ పాఠశాలలు మూతబడినవి. మన్రో అస్థికలు గుత్తి నుండి మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలి అప్పటికి అయిదేండ్లు.